తోటకీ ఇంటికీ కలిపి ఒకే చవక ఎలక్ట్రిక్ పికప్ సరిపోతుందా?

అమెరికాలో స్లేట్ కంపెనీ చూపించిన చవక ఎలక్ట్రిక్ పికప్ లాంటిది మన కోనసీమలో తోట పనికీ, ఇంట్లోవాళ్లను తిప్పడానికీ ఒకే బండిగా పనికొస్తుందా అని అడిగారు. మాది కొత్తపేట వైపు. అరటి, కొబ్బరి సరుకు తోలడానికి చిన్న ఎలక్ట్రిక్ ట్రక్కు వాడుతున్నాం. తోటకైతే నిక్షేపంగా సరిపోతుందండి. ఇంటి బండిగా మాత్రం పనికిరాదు. అందరూ బ్యాటరీ గురించి టెన్షన్ పడతారు గానీ, అసలు ఇబ్బంది సీట్లతోనే.

2025 ఏప్రిల్‌లో చూపించిన ఆ స్లేట్ బండిలో అద్దాలు చేత్తో తిప్పుకోవాలి. టచ్‌స్క్రీన్ లేదు, రేడియో లేదు, రంగు కూడా వేయరు. బూడిద రంగు ప్లాస్టిక్ బాడీ అంతే. చిన్న బ్యాటరీతో 240 కిలోమీటర్లు పోతుందని, సుమారు 650 కిలోల బరువు మోస్తుందని అన్నారు. 20 వేల డాలర్ల లోపు అని ఊరించిన ధర అక్కడి 7,500 డాలర్ల పన్ను రాయితీ పోను చెప్పింది. ఆ రాయితీ 2025 సెప్టెంబరు 30తో ఆగిపోయింది. నన్నడిగితే ఆ బండిలో అసలు కిటుకు ధర కాదు, కిట్టు. వెనకాల సీట్లూ పైకప్పూ ఉన్న ఆ కిట్టు బిగిస్తే ఐదు సీట్ల కారైపోతుంది. మన దగ్గర సరుకు బండిగా రిజిస్టరైన దాన్ని అలా మన ఇష్టానికి మార్చుకోవడం మోటారు వాహనాల చట్టం ప్రకారం కుదరదు.

ఇక్కడ చవకగా దొరికే ఎలక్ట్రిక్ ట్రక్కులన్నీ సరుకు బండ్లే. టాటా ఏస్ ప్రో ఎలక్ట్రిక్ 2025 జూన్‌లో 6.50 లక్షల ఎక్స్‌షోరూమ్ ధరతో వచ్చింది, 750 కిలోలు మోస్తుంది. మహీంద్రా జియో 2024 అక్టోబరులో 7.52 లక్షల నుంచి మొదలైంది. ముందు డ్రైవరు, పక్కన ఒకరు, అంతే. ఇద్దరు పిల్లలున్న ఇల్లు ఎలా సర్దుకుంటుంది? పెళ్లికో తీర్థానికో వెనక తొట్టెలో జనాన్ని ఎక్కించడం మన వైపు మామూలే గానీ అది నేరం. జరగరానిది జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు చేతులెత్తేస్తారు. పైగా ఈ బండ్లు 50, 60 స్పీడు దాటవు. రావులపాలెం దాటి పదహారో నంబరు హైవే ఎక్కి రాజమండ్రి వెళ్లేటప్పుడు వెనక లారీలు హారన్ కొడుతుంటే పక్కన కూర్చున్న మా ఆవిడ మొహం చూడాలి.

ఇక బరువు సంగతి. ఒలిచిన కొబ్బరికాయలు వెయ్యి వేస్తే ఆరేడు వందల కిలోలు తూగుతాయి. పదిహేను కిలోల అరటి గెలలైతే యాభైతో తొట్టె లెక్క సరి. మనది పళ్లెంలాంటి నేల కాబట్టి ఘాట్ రోడ్ల బాధ లేదు. వంతెన ఎక్కేటప్పుడు తప్ప మోటారుకు శ్రమ ఉండదు. మా బండికి ఒక చార్జింగ్‌తో నూటయాభై కిలోమీటర్ల పైన వస్తుందని కంపెనీ వాళ్లు చెప్పారు, నిండు లోడుతో నాకు నూరు, నూటపది వస్తుంది. రావులపాలెం అరటి మార్కెట్‌కి, అంబాజీపేట కొబ్బరి మార్కెట్‌కి పోయి రావడానికి అది ఎక్కువే.

కరెంటు ఖర్చు మాత్రం షోరూమ్‌లో చెప్పినట్టు ఉండదు. ఇంటి మీటరు మీద చార్జింగ్ పెడితే స్లాబు మారుతుంది. నెలకు 225 యూనిట్లు దాటితే 8.75, 400 దాటితే 9.75 రూపాయల రేటు పడుతుంది. 14.4 యూనిట్ల బ్యాటరీ నిండటానికి వృథాతో కలిపి 16 యూనిట్లు అనుకోండి, పై స్లాబులో 156 రూపాయలు. అంటే కిలోమీటరుకు రూపాయిన్నర. డీజిల్ ట్రాలీకి ఐదు రూపాయల దాకా అవుతుంది కాబట్టి అప్పటికీ లాభమే. తోటలో బోరు మోటారు ఉచిత కరెంటుకి తగిలిద్దాం అని మా వాళ్లే సలహా ఇచ్చారు. అది పంపుసెట్లకు ఇచ్చిన కరెంటు, బండికి వాడితే కేసు అవుతుంది.

మీది లంక గ్రామమైతే ఇంకో మాట. గోదావరికి వరదొచ్చి కాజ్‌వే మునిగే ముందే బండిని ఏటిగట్టు ఇవతలకి తెచ్చి పెట్టుకోవాలి. బ్యాటరీకి నీరు పట్టదు అంటారు గానీ, కనెక్టర్లకీ చక్రాల బేరింగులకీ ఆ హామీ లేదు. తుపాను కబురు వినగానే నిండా చార్జింగ్ పెట్టేయండి. 2025 అక్టోబరులో మొంథా తుపానుకి కరెంటు పోయినప్పుడు, జనరేటరుకి డీజిల్ తేవడానికి కూడా నాకు ఈ బండే దిక్కైంది.

సర్వీసు బాగా వెనకబడి ఉంది. నా బండిలో చార్జర్ పోతే ఊళ్లో మెకానిక్ ఎవరూ ముట్టుకోలేదు, పార్టు వచ్చేదాకా అద్దె ట్రాలీతో గడిపాను. అందుకే మీ దగ్గర్లో ఆ కంపెనీ శిక్షణ ఇచ్చిన మనిషి ఉన్నాడో లేదో ముందు కనుక్కోండి. లైసెన్సుకి కంగారు లేదు. 7,500 కిలోల లోపు సరుకు బండ్లను మామూలు కారు లైసెన్సుతోనే నడపొచ్చని సుప్రీంకోర్టు 2024 నవంబరులో మళ్లీ తేల్చింది. బ్యాటరీ బండికి పర్మిట్ కూడా అక్కర్లేదు.

ఇంట్లో నలుగురుంటే నా సలహా, తోటకి ఇది తీసుకుని ఇంటికి పాత కారు ఒకటి చూసుకోండి. ఒక్క బండికే డబ్బుంటే కారు కొని, సరుకుకి ట్రాలీ కిరాయికి పిలవండి. రోజూ సరుకు ఉంటేనే ఈ ట్రక్కు ఖర్చు గిడుతుంది. కొనాలనే అనుకుంటే, అడ్వాన్స్ కట్టకముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఇంటి ఎర్తింగ్ చూపించండి. మన పాత పెంకుటిళ్లలో చాలా వాటికి సరైన ఎర్తింగే లేదు. అది లేకపోతే చార్జర్ ఎర్ర లైటు వేసి కూర్చుంటుంది.