మోటార్‌హోమ్ కొందామా? ముందు సీటు బెల్టులు లెక్కపెట్టండి

ప్రశ్న: మేముండేది టెక్సస్‌లోని ఫ్రిస్కోలో. నేను హెచ్-1బీ వర్క్ వీసా మీద ఉన్నాను. ఐ-140 (కంపెనీ వేసే గ్రీన్ కార్డు పిటిషన్) అయిపోయింది, గ్రీన్ కార్డు క్యూలో ఉన్నాం. మా ఆవిడ హెచ్-4 ఈఏడీ (నా వీసాను బట్టి వచ్చే పని అనుమతి) మీద ఉద్యోగం చేస్తోంది. పాపకు తొమ్మిదేళ్ళు, బాబుకు ఐదు. అమ్మానాన్నలు ఖమ్మం నుంచి వచ్చి ఆరేసి నెలలు ఉండి వెళ్తుంటారు. నాన్నకు మోకాళ్ళ నొప్పులు. ఎక్కడికెళ్ళినా హోటల్లో రెండు రూములు, బయటి తిండి పడక ఇబ్బంది. అందుకని చిన్న మోటార్‌హోమ్ కొందామనుకున్నాం. మూడు ఫ్లోర్ ప్లాన్లు చూశాం. ఒకటి 21 అడుగుల క్యాంపర్ వ్యాన్. రెండోది 24 అడుగుల క్లాస్ సీ (డ్రైవరు నెత్తి మీద కూడా పడక ఉండే మోటార్‌హోమ్), వెనక మూలన బెడ్. మూడోది 25 అడుగుల క్లాస్ సీ, స్లైడ్-ఔట్‌లో (బండి ఆపాక బయటికి జరిపే భాగం) క్వీన్ బెడ్, వెనక పెద్ద బాత్రూమ్. ఈ మూడోదానికి డీలరు 1,10,000 డాలర్లు అడిగాడు. 22,000 డౌన్, మిగతాది 15 ఏళ్ళ లోను, వడ్డీ 8.5 శాతం, నెలకు 867 డాలర్లు. ఏడాదికి పాతిక రాత్రులు వాడతాం. సేవింగ్స్‌లో 41,000 ఉన్నాయి. ఇంటి లోనుతో కలిపి నెల ఖర్చు 6,800. వెయ్యి డాలర్లు డిపాజిట్ కూడా కట్టేశాను. ఏ ప్లాన్ తీసుకోమంటారు?

జవాబు: ప్లాన్ సంగతి అడిగారు కాబట్టి అదే ముందు చెబుతాను. డబ్బు లెక్క కూడా అందులోంచే వస్తుంది. ఇలాంటి బండి ఖర్చు ఏడాదికి ఎన్ని రాత్రులు అందులో పడుకున్నారన్న దాన్ని బట్టి తేలుతుంది. ప్లాన్ కుదరకపోతే మూడో ట్రిప్పు నుంచే ఏదో ఒక సాకు దొరుకుతుంది. బండి స్టోరేజీ లాట్‌లో ఎండకు ఎండుతుంది, లోను మాత్రం నడుస్తూనే ఉంటుంది.

డీలరు బ్రోచర్లో 'ఆరుగురు పడుకోవచ్చు' అని ఉంటుంది. ఆరుగురు కూర్చుని ప్రయాణం చేయొచ్చని దాని అర్థం కాదు. బండి కదులుతున్నప్పుడు ఆరుగురికీ ఆరు బెల్టులు కావాలి. మీరు చూసిన సైజు క్యాంపర్ వ్యాన్లలో చాలావాటికి నాలుగుకు మించి ఉండవు. క్లాస్ సీలో ముందు రెండు పోగా, మిగతావి డైనెట్ (భోజనాల బల్ల) దగ్గరి బెంచీలకు ఉంటాయి. వాటిలో ఒక బెంచీ వెనక్కి తిరిగి ఉంటుంది, కొన్నిటిలో సోఫా పక్కకు తిరిగి ఉంటుంది. మీ బాబు చైల్డ్ సీటును ముందుకు చూసే బెంచీకే బిగించాలి. ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు, 4 అడుగుల 9 అంగుళాల ఎత్తు దాటితే తప్ప, టెక్సస్ చట్టం ప్రకారం ఆ సీటు తప్పనిసరి. పాపకు చట్టం అడ్డు రాకపోయినా, బూస్టర్ (ఎత్తు కోసం వేసే సీటు) వాడుతుంటే నడుముతో పాటు భుజం మీదుగా వచ్చే బెల్టు కావాలి. చాలా డైనెట్లలో ఉండేది నడుం బెల్టే. డీలరు దగ్గరికి వెళ్ళినప్పుడు టీవీ ఎక్కడుందో తర్వాత చూడొచ్చు, ముందు కుషన్లు ఎత్తి బెల్టులు చూడండి.

పక్క తలుపు దగ్గర ఒక లేబుల్ అంటించి ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఎన్ని పౌండ్లు దాటకూడదో దాని మీద రాసి ఉంటుంది. ఉదాహరణకు 1,200 అనుకోండి. మీ ఆరుగురు కలిసి సుమారు 715 పౌండ్లు. గ్యాలన్ నీళ్ళు 8.3 పౌండ్లు తూగుతాయి, 30 గ్యాలన్ల ట్యాంకు నింపితే 250. ఇక మిగిలింది 235 పౌండ్లు. బట్టలు, కుర్చీలు, పిల్లల సైకిళ్ళు, సోనా మసూరి సంచీ, అమ్మగారి పచ్చడి జాడీలు అన్నీ అందులోనే సర్దుకోవాలి. స్లైడ్-ఔట్ ఉన్న బండికి ఆ స్లైడ్ బరువే ఎక్కువ కాబట్టి, లేబుల్ మీది అంకె ఇంకా తగ్గే అవకాశం ఉంది. రెండు క్లాస్ సీ బండ్లకూ లేబుల్ ఫోటో తీసుకుని పక్కపక్కన పెట్టి చూడండి.

ఇప్పుడు నాన్నగారి సంగతి. మూలన బెడ్ ఉన్న రెండో ప్లాన్‌లో గోడ వైపు పడుకున్న మనిషి లేవాలంటే పక్కనున్న మనిషి మీదుగా దాటాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దాయన రాత్రి రెండుసార్లు లేచారంటే అమ్మగారికి కూడా నిద్ర ఉండదు. డ్రైవరు నెత్తి మీదుండే పడక నిచ్చెనెక్కే పిల్లలకు పండగ. పెద్దవాళ్ళను మాత్రం ఎక్కమనలేం. వ్యాన్‌లో ఉండేది వెట్ బాత్, అంటే కమోడ్ మీదే షవర్. ఒకరు స్నానం చేస్తే తర్వాత వెళ్ళేవాళ్ళు తడి నేల మీదే కాలు పెట్టాలి. ఆ వయసులో కాలు జారితే విజిటర్ ఇన్సూరెన్స్‌తో బిల్లులు కట్టుకుంటూ మీరు పడే పాట్లు వేరే రాయక్కర్లేదు. కాబట్టి మీరు చూసిన మూడు ప్లాన్లలో ఈ కుటుంబానికి నప్పేది మూడోదే. ఒక్క షరతు. స్లైడ్ లోపలికి మూసి ఉన్నప్పుడు బాత్రూమ్‌కు నడిచే దారి ఉందో లేదో చూడండి. కొన్ని ప్లాన్లలో బెడ్ వచ్చి తలుపుకు అడ్డంగా నిలబడుతుంది. హైవే పక్క ఆగిన ప్రతిసారీ స్లైడ్ తెరవాల్సిందే.

అమ్మగారు ఉన్నప్పుడు వంట ఎలాగూ ఉంటుంది. ఆ చిన్న పెట్టెలో మూడు పూటలా పోపు వేస్తే వాసన కుషన్లకు, కర్టెన్లకు పట్టేస్తుంది, అమ్మేటప్పుడు ధర దగ్గర తెలుస్తుంది. క్యాంప్‌సైట్లో కరెంటు పాయింటు దగ్గర బల్ల వేసుకుని ఇండక్షన్ పొయ్యి మీద బయటే కానిచ్చేయండి. లోపల రైస్ కుక్కర్ చాలు.

21 అడుగులు, 25 అడుగుల తేడా పార్కుల్లో బయటపడుతుంది. మోంటానాలోని గ్లేసియర్ నేషనల్ పార్కులో గోయింగ్-టు-ది-సన్ రోడ్డు మీద ఎవలాంచ్ క్రీక్, రైజింగ్ సన్ మధ్య బంపర్లతో కలిపి 21 అడుగులు దాటిన బండిని రానివ్వరు. మీ వ్యాన్ అక్కడ అంచు మీద గట్టెక్కుతుంది, వెనక సైకిల్ ర్యాక్ తగిలిస్తే అదీ పోతుంది. మీ టెక్సస్‌లోనే ఉన్న బిగ్ బెండ్ నేషనల్ పార్కులో చిసోస్ బేసిన్ రోడ్డు 24 అడుగులు దాటిన ఆర్వీలకు (మోటార్‌హోమ్‌ల లాంటి బండ్లకు) తగదని పార్కు వాళ్ళే చెబుతారు. నా దృష్టిలో దీనికి విరుగుడు ఒకటే. మీరు మోటార్‌హోమ్ నడిపితే మీ ఆవిడ ఇంట్లో ఉన్న కారులో వెనకే రావడం. బెల్టుల గొడవ తీరుతుంది, నాన్నగారు మంచి సీట్లో కూర్చుంటారు, ఇరుకు రోడ్లకు కారు ఉంటుంది. పెట్రోలు మాత్రం రెండు బండ్లకు పోయాలి. క్లాస్ సీ గ్యాలన్‌కు తొమ్మిది మైళ్ళు ఇస్తుందనుకుంటే, ఫ్రిస్కో నుంచి బిగ్ బెండ్‌కు రానుపోను దానికొక్కదానికే 130 గ్యాలన్ల దాకా కావాలి. గ్లేసియర్‌కైతే విమానంలో వెళ్ళి కారు అద్దెకు తీసుకోవడమే నయం.

ఇక డబ్బు. కొన్న రోజే టెక్సస్‌కు 6.25 శాతం సేల్స్ ట్యాక్స్ కట్టాలి, అంటే 6,875 డాలర్లు. డౌన్ పేమెంటుతో కలిపి 28,875. మీ 41,000లో మిగిలేది 12,125. మీ ఖర్చుకు అది రెండు నెలలకు కూడా చాలదు.

మీరు హెచ్-1బీ మీద ఉన్నారు కాబట్టి ఈ మాట మిగతావాళ్ళ కంటే గట్టిగా చెప్పాలి. ఉద్యోగం పోతే కొత్తది చూసుకోవడానికో, దేశం వదలడానికో మీకుండే గడువు గరిష్ఠంగా 60 రోజులు. మీ ఆవిడ ఈఏడీ కూడా మీ స్టేటస్‌కే ముడిపడి ఉంది, రెండు జీతాలూ ఒకేసారి ఆగొచ్చు. ఇల్లు అమ్మడానికే ఆ గడువు చాలదు, పైగా మోటార్‌హోమ్. మీ 41,000 అంటే దాదాపు సరిగ్గా ఆరు నెలల ఖర్చు. దాన్ని ఈ ఇంటి ఎమర్జెన్సీ ఫండ్ అనుకోండి. అందులోంచి బండికి ఒక్క డాలరు కూడా తీయొద్దు.

ఐదేళ్ళ తర్వాత ఏమవుతుందో చూద్దాం. 88,000 లోను మీద 60 నెలల్లో మీరు కట్టేది సుమారు 52,000. అందులో దాదాపు 33,900 వడ్డీకే పోతుంది. ఇంకా 69,900 బాకీ ఉంటుంది. కొత్త బండి ఐదేళ్ళలో నలభై శాతం ధర పోగొట్టుకుంటుందని నా అంచనా. అప్పుడు దాని విలువ 66,000. బండి అమ్మి, చేతి నుంచి మరో 3,900 వేస్తే గానీ బ్యాంకు టైటిల్ (యాజమాన్య పత్రం) వదలదు. అమ్ముదామంటే నష్టం, ఉంచుకుందామంటే కిస్తీ. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మొత్తం కూడండి. తరుగుదల 44,000, వడ్డీ 33,900, ట్యాక్స్ 6,875. ఇన్సూరెన్సు ఏడాదికి 1,500, మరమ్మతులు, టైర్లు ఇంకో 1,500. ఫ్రిస్కో వైపు చాలా కాలనీల్లో ఇంటి ముందు ఆర్వీ పెడితే హెచ్‌ఓఏ (కాలనీ సంఘం) నోటీసు వస్తుంది కాబట్టి స్టోరేజీ నెలకు 120. ఐదేళ్ళకు లక్షా ఏడు వేల డాలర్లు. మీరు చెప్పిన పాతిక రాత్రుల లెక్కన 125 రాత్రులు. రాత్రికి 856 డాలర్లు, పెట్రోలు, క్యాంప్‌సైట్ అద్దె కాకుండా.

ఇలాంటిదే అద్దెకు తీసుకుంటే ఇన్సూరెన్సు, మైలేజీ చార్జీలతో కలిపి రాత్రికి 275 అనుకుందాం. పాతిక రాత్రులకు 6,875. కొన్న రోజు రాష్ట్రానికి కట్టే ట్యాక్స్ కూడా అంతే! ఆ ఒక్క చెక్కుతో ఏడాదంతా తిరగొచ్చు.

డీలర్లు రెండు ఆశలు చూపిస్తారు. మొదటిది, వడ్డీకి పన్ను మినహాయింపు. పడక, వంట, టాయిలెట్ ఉన్న మోటార్‌హోమ్‌ను రెండో ఇల్లుగా చూపొచ్చన్నది నిజమే. అయితే ఐటమైజ్ చేసేవాళ్ళకే, అంటే మినహాయింపులు విడివిడిగా చూపేవాళ్ళకే లాభం. 2025లో భార్యాభర్తలు కలిసి ఫైల్ చేస్తే విడిగా లెక్కలు చూపకుండా వచ్చే స్టాండర్డ్ డిడక్షనే 31,500. మీ ఇంటి లోను వడ్డీ, ప్రాపర్టీ ట్యాక్స్ కలిపి ఇరవై ఒకటి, ఇరవై రెండు వేలు ఉంటే, దీని మొదటి ఏడాది వడ్డీ ఏడు వేల చిల్లర కలిపినా గీత దాటదు. కొన్న ఏడాది మాత్రం బండి సేల్స్ ట్యాక్స్‌ను కూడా కలుపుకునే వీలుంది కాబట్టి వెయ్యి డాలర్లు అటూ ఇటూ మిగలొచ్చు. తర్వాత ఏమీ ఉండదు.

రెండోది, మీరు వాడనప్పుడు అద్దెకు ఇచ్చి కిస్తీ రాబట్టుకోవచ్చని. మామూలు ఇన్సూరెన్సు సాధారణంగా అద్దెకిచ్చిన రోజులకు వర్తించదు. తాళాలు ఇవ్వడం, కడగడం, మురుగు ట్యాంకు ఖాళీ చేయడం అంతా మీ నెత్తి మీదే. పైగా హెచ్-1బీ మీద ఉండి ఇలాంటి పని స్వయంగా నడిపితే అనుమతి లేని ఉద్యోగం కింద లెక్కేసే ప్రమాదం ఉంది. ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగకుండా ఆ జోలికి వెళ్ళకండి. ఆ కాస్త అద్దె డబ్బుల కోసం గ్రీన్ కార్డు ఫైలుతో ఆడుకుంటారా?

మరి ఏం చేయాలి? ఈ ఏడాది కొనొద్దు. అమ్మానాన్నలు ఇక్కడ ఉన్నప్పుడే 25 అడుగుల క్లాస్ సీ ఒకటి అద్దెకు తీసుకుని గ్లెన్ రోజ్ దగ్గర డైనోసార్ వ్యాలీ స్టేట్ పార్కులో రెండు రాత్రులు ఉండండి. పలక్సీ నది అడుగున డైనోసార్ పాదముద్రలు పిల్లలకు ఎలాగూ నచ్చుతాయి. నాన్నగారు మెట్టు ఎక్కగలిగారా, రాత్రి ఎలా లేచారు, షవర్లో పట్టుకోవడానికి ఏముంది అన్నది మీరు చూడండి. తర్వాతి సెలవుల్లో పాలో డ్యూరో కాన్యన్‌కు వేరే ప్లాన్ ఉన్న బండిలో వెళ్ళండి. హోటల్ బడ్జెట్‌తోనే ఇవి అయిపోతాయి.

ఈలోగా ఆ 867 డాలర్లను కిస్తీ కడుతున్నట్టే ప్రతి నెలా వేరే హై-యీల్డ్ ఖాతాలో వేయండి. అలా వేయలేకపోతే కిస్తీ కూడా కట్టలేరని అప్పు లేకుండానే తెలిసిపోతుంది. 28 నెలల్లో 24,000 దాటతాయి. అప్పటికీ మోజు తీరకపోతే ఐదారేళ్ళ వాడిన బండి 60,000 లోపు చూసుకుని, 24,000 కట్టి, 36,000 ఏడేళ్ళ లోను తీసుకోండి. వాడినదానికి వడ్డీ 9 శాతం పడినా నెలకు 579, మొత్తం వడ్డీ 12,650. కొత్తదానికి పదిహేనేళ్ళలో కట్టే వడ్డీ దాదాపు 68,000. ట్యాక్స్, మొదటి ఏడాది రిపేర్లకు ఇంకో ఏడెనిమిది వేలు పక్కన ఉండాలి, కాబట్టి ఇంకొన్నాళ్ళు పట్టినా తొందరపడొద్దు.

వాడిన బండి కొనేటప్పుడు సొంతంగా ఇన్‌స్పెక్టర్‌ను పెట్టుకోండి, డీలరు చూపించినవాడు వద్దు. పైకప్పు అతుకులు, మూలల్లో చెమ్మ ముఖ్యం. టైర్ల గాడులు కొత్తగా కనిపించినా టైరు పక్కన ఉండే డాట్ కోడ్ (తయారీ నంబరు) చివరి నాలుగు అంకెలు చదవండి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. ఈ బండ్లు నిలబడే రోజులే ఎక్కువ కాబట్టి గాడులు అరిగేలోపే రబ్బరు పాతబడిపోతుంది.

మీరు కట్టిన వెయ్యి డాలర్ల డిపాజిట్ కాగితం ఇవాళే తీసి చూడండి. రిఫండబుల్ అని రాసి ఉంటే, కొనడం లేదని ఈమెయిల్‌లో పంపి వాపసు అడగండి. ఫోన్లో మాట్లాడితే రికార్డు ఉండదు. రిఫండబుల్ కాదని ఉంటే మేనేజర్‌ను అడిగి చూడండి. ఇవ్వనంటే ఆ వెయ్యి వదులుకుని వచ్చేయండి. దాని కోసం మాత్రం లోను కాగితాల మీద సంతకం పెట్టకండి.