జీరో 2 డబ్ల్యూలో వైఫై: ఆ పాత ఫైలుని వదిలేయండి

మెమరీ కార్డులోని బూట్ పార్టిషన్‌లో డబ్ల్యూపీఏ సప్లికెంట్ ఫైలు (వైఫై పేరు, పాస్‌వర్డ్ రాసి పెట్టేది) పెట్టినా రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ అనే చిన్న కంప్యూటర్ బోర్డు వైఫైకి కనెక్ట్ అవ్వట్లేదని మీరన్నారు. మీరు తప్పేమీ రాయలేదండీ, ఆ పద్ధతికే కాలం చెల్లింది. 2023లో వచ్చిన బుక్‌వార్మ్ వెర్షన్ నుంచి రాస్ప్‌బెర్రీ పై ఓఎస్, వైఫైని చూసుకోడానికి నెట్‌వర్క్ మేనేజర్ అనే ప్రోగ్రాంకి మారిపోయింది. మీ ఫైలు వంక అది కన్నెత్తి కూడా చూడదు. (నేనూ ఒక రాత్రంతా అందులో కోట్ మార్కులు సరిచేస్తూ కూర్చున్నాను!)

మానిటర్, కీబోర్డు ఉంటే టెర్మినల్లో ముందు సుడో (అడ్మిన్ అనుమతి) పెట్టి రాస్పీ-కాన్ఫిగ్ అనే సెట్టింగుల మెనూ తెరవండి (sudo raspi-config). లోకలైజేషన్‌లోకి వెళ్లి ముందు వైఫై దేశం ఎంచుకోండి. అది ఖాళీగా ఉంటే ఆర్‌ఎఫ్‌కిల్ (వైర్‌లెస్‌ని ఆపే స్విచ్ లాంటిది) వైఫై రేడియోని ఆపేసి ఉంచుతుంది, ఎంత వెతికినా ఒక్క నెట్‌వర్కూ కనిపించదు. తర్వాత ఎన్‌ఎంటీయూఐ (nmtui, నెట్‌వర్క్ మేనేజర్ మెనూ) నడిపి, 'యాక్టివేట్ ఎ కనెక్షన్'లో మీ నెట్‌వర్క్ పట్టుకుని పాస్‌వర్డ్ ఇవ్వండి. రీబూట్ చేసినా గుర్తుంచుకుంటుంది.

మానిటర్ లేకపోతే ఇమేజర్ (కార్డు మీద ఓఎస్ రాసే ప్రోగ్రాం) సెట్టింగుల్లోనే వైఫై పేరు, పాస్‌వర్డ్, దేశం నింపి కార్డు మళ్లీ రాయడమే సుఖం. పేరులో పెద్ద, చిన్న అక్షరాలు ఉన్నవి ఉన్నట్టే కొట్టాలి.

అన్నట్టు, ఈ బోర్డుకి 2.4 గిగాహెర్ట్జే అందుతుంది. మీ రూటర్లో 5 గిగాహెర్ట్జ్ ఒక్కటే ఆన్‌లో ఉంటే పైవన్నీ చేసినా లాభం లేదు, ముందు అది చూడండి.