ఫిజియోథెరపీనా, ఆయుర్వేదమా? ముందు చట్టంలో ఏముందో చూడండి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తిచేసింది. నీట్‌లో ఎంబీబీఎస్ సీటు వచ్చే ర్యాంకు రాలేదు. తనకు ఫిజియోథెరపీ అంటే ఇష్టం. బంధువులేమో ‘ఫిజియోలు పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోకూడదట, అదో గొడవట’ అని భయపెడుతున్నారు. సీట్లు ఇప్పించే ఒకాయన ‘ఆయుర్వేద డిగ్రీ బీఏఎంఎస్‌లో చేర్చండి, రేపోమాపో బ్రిడ్జి కోర్సు వస్తుంది, ఇంగ్లిష్ మందులు కూడా రాసుకోవచ్చు’ అంటున్నాడు. ఏం చేయమంటారు? – ఒక తండ్రి

జవాబు: ముందు ఆ సీట్ల ఆయన మాట గురించే చెప్పాలి. మీ ఉత్తరంలో నాకు టెన్షన్ పెట్టింది అదే. ఇంకా రాని చట్టాన్ని నమ్ముకుని పిల్లను అయిదున్నరేళ్ల చదువులో పెట్టకండి.

బ్రిడ్జి కోర్సు ఆలోచన ఒకప్పుడు నిజంగానే ఉంది. 2017 డిసెంబరులో పార్లమెంటుకు వచ్చిన జాతీయ వైద్య కమిషన్ బిల్లులో అలాంటి నిబంధన పెట్టారు. అల్లోపతి డాక్టర్లు గట్టిగా వ్యతిరేకించారు. బిల్లు పరిశీలన కోసం పార్లమెంటు స్థాయీ సంఘానికి వెళ్లింది. 2018 మార్చిలో ఆ నిబంధనను తీసేశారు. 2019లో ఆమోదం పొందిన చట్టంలో అది లేదు. మహారాష్ట్ర 2014లో తన చట్టాన్ని మార్చి, హోమియో వైద్యులు ఏడాది కోర్సు చేస్తే కొన్ని అల్లోపతి మందులు రాసే వీలు ఇచ్చింది. దాని మీద 2025లో కూడా అక్కడి డాక్టర్లు సమ్మె చేశారు. ఇలాంటి అనుమతి ఏ రాష్ట్ర చట్టం ఇస్తే ఆ రాష్ట్రంలోనే చెల్లుతుందని సుప్రీంకోర్టు 1998లోనే ముఖ్తియార్ చంద్ కేసులో తేల్చింది. అక్కడ రాస్తున్నారు కదా అని ఇక్కడ రాయడం కుదరదు. మీ అమ్మాయికి ఆయుర్వేదం మీదే మనసుంటే బీఏఎంఎస్ మంచి చదువే. అల్లోపతికి దొడ్డిదారి అనుకుని మాత్రం వద్దు.

అస్సాంలో ఏం జరిగిందో మీలాంటి తల్లిదండ్రులకు తప్పకుండా చెబుతుంటాను. పల్లెలకు డాక్టర్లు దొరకడం లేదని అక్కడి ప్రభుత్వం 2004లో ఒక చట్టం చేసి, మూడేళ్ల గ్రామీణ వైద్య డిప్లొమా పెట్టింది. అది చదివినవాళ్లు పల్లెల్లో కొన్ని జబ్బులకు మందులివ్వచ్చు, చిన్నచిన్న చికిత్సలు చేయచ్చు. ప్రభుత్వమే పెట్టిన కోర్సు కదా, పిల్లలు నమ్మి చేరారు, ఉద్యోగాల్లోకి వెళ్లారు. భారతీయ వైద్య సంఘం కోర్టుకెళ్లింది. 2014లో గువాహటి హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. వైద్యవిద్య ప్రమాణాలు నిర్ణయించేది కేంద్ర చట్టమేనని, దానికి విరుద్ధంగా రాష్ట్రం చట్టం చేయలేదని 2023 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఖాయం చేసింది. రాష్ట్రం 2015లో తెచ్చిన మరో చట్టం నిలబడింది కాబట్టి వాళ్లు పూర్తిగా రోడ్డున పడలేదు. కానీ చేరేటప్పుడు చూపించిన హోదా దక్కలేదు. ఇందులో ఆ పిల్లలు చేసిన తప్పేమిటి? తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఆ లెక్కన చూస్తే మీ అమ్మాయి కోరుకున్న దారికి కాస్త గట్టి పునాదే ఉంది. 2021లో పార్లమెంటు అలైడ్ (వైద్యానికి అనుబంధ), హెల్త్‌కేర్ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం చేసింది. అందులో ఫిజియోథెరపిస్టు ఎవరో, ఏం చేస్తారో స్పష్టంగా రాశారు. రోగిని పరీక్షించడం, కదలికకూ నొప్పికీ సంబంధించిన సమస్యలకు వ్యాయామం, విద్యుత్తు, వేడి లాంటి పద్ధతులతో చికిత్స చేయడం వాళ్ల పని. సొంతంగా గానీ, బృందంలో ఒకరిగా గానీ ప్రాక్టీస్ చేయవచ్చనే మాట కూడా ఆ చట్టంలోనే ఉంది. మందులు రాయడం, ఆపరేషన్లు ఇందులోకి రావు. ఈ గీత మీ అమ్మాయికి ఇప్పుడే తెలియాలి, కోర్సు పూర్తయ్యాక కాదు.

మీ బంధువులు చెప్పిన గొడవా నిజమే. ఆ కమిషన్ 2025లో ఇచ్చిన పాఠ్యప్రణాళికలో ఫిజియోలు పేరు ముందు డాక్టర్ అనీ, చివర పీటీ (ఫిజియోథెరపిస్టు) అనీ పెట్టుకోవచ్చని ఉంది. సెప్టెంబరు 9న కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ అలా వాడకూడదని లేఖ ఇచ్చి, మర్నాడే దాన్ని వెనక్కి తీసుకుంది. నా ఉద్దేశంలో ఆ ‘డాక్టర్’ అన్న మాట కోసం కోర్సు ఎంచుకోవద్దు, ఆ గొడవకు భయపడి మానుకోవద్దు. రోగులు ఫిజియోలనే డాక్టర్లనుకుంటారేమోనన్న అల్లోపతి డాక్టర్ల భయంలో అర్థం లేకపోలేదు. నడుంనొప్పి అని వచ్చిన మనిషికి వెన్నులో గడ్డ ఉండవచ్చు, దాన్ని గుర్తించక వారాల తరబడి వ్యాయామాలు చేయిస్తే ప్రాణం మీదికొస్తుంది. అలాంటి లక్షణాలు కనిపెట్టి రోగిని వెంటనే డాక్టరు దగ్గరికి పంపడం తమ చదువులో భాగమేనని ఫిజియోలు అంటారు. అదీ నిజమే. అందుకే కాలేజీలో ఆ భాగాన్ని ఎంత శ్రద్ధగా నేర్పుతున్నారో అడగాలి. సొంత ఆసుపత్రి ఉందా, విద్యార్థులు న్యూరో, ఆర్థో వార్డుల్లో ఎన్ని నెలలు ఉంటారు, మన హెల్త్ యూనివర్సిటీ గుర్తింపు ఈ ఏడాదికి ఉందా అన్నవి కాగితం మీద చూపించమనండి. నోటిమాట వద్దు.

ఫీజు కట్టేముందు ఒక పని చేయండి. తెలిసిన ఫిజియోను అడిగి, అమ్మాయిని ఓ వారం వాళ్ల క్లినిక్‌లో కూర్చోబెట్టండి. పక్షవాతం వచ్చిన మనిషి చేత పదడుగులు వేయించడానికి ఎన్ని రోజులు పడుతుందో దగ్గరుండి చూడనివ్వండి. ఎనిమిదో రోజు తనేమంటుందో నాకు రాయండి.