పాత మూకీ సినిమాల్లో మనుషులు అంత గబగబా ఎందుకు నడుస్తారు?

తీసిన వేగం కంటే ఎక్కువ వేగంతో చూపించడం వల్లే మూకీల్లో మనుషులు పరుగులు పెడుతున్నట్టు కనిపిస్తారు. అప్పట్లో కెమెరామన్ చేత్తో హ్యాండిల్ తిప్పుతూ తీసేవాడు. సెకనుకు సుమారు 16 నుంచి 20 ఫ్రేములు (ఫిల్ము మీద విడివిడి బొమ్మలు) పడేవి, అదీ నిలకడగా కాదు. 1920ల చివర్లో టాకీలు వచ్చాక అలా కుదరలేదు. సౌండ్ ట్రాక్ ఒకే వేగంతో నడవకపోతే గొంతు మారిపోతుంది మరి! అందుకే 24 ఫ్రేములు స్థిరపడ్డాయి. 16 ఫ్రేములతో తీసిన నిమిషం సీను 24తో వేస్తే 40 సెకన్లలో అయిపోతుంది. కెమెరాలు నాసిరకమని చాలామంది అనుకుంటారు, కానీ సరైన వేగంతో వేస్తే నడక మామూలుగానే ఉంటుంది. కామెడీల్లో మాత్రం నవ్వు కోసం కావాలనే హ్యాండిల్ నెమ్మదిగా తిప్పి తీసిన సీన్లూ ఉన్నాయి.