వెనుదిరగవలసిన వేళ: పర్వత ప్రమాదాలపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా అబ్బాయి కొన్నేళ్లుగా మంచు శిఖరాలు ఎక్కుతున్నాడు. అనుభవం ఉన్నవాళ్లకు ప్రమాదం ఉండదని ధీమాగా చెబుతాడు. వార్తల్లో చూస్తే ఆరితేరినవాళ్లే ప్రాణాలు కోల్పోతున్నారు. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: మీ భయం అర్థం లేనిది కాదమ్మా. అనుభవం మనిషికి నేర్పునిస్తుంది; దానితోపాటే, ఇన్నాళ్లూ ఏమీ కాలేదు గనుక ఈసారీ కాదన్న నమ్మకాన్ని కూడా ఇస్తుంది, ప్రాణం మీదికి తెచ్చేది ఆ రెండోదే. 1996 మే 10న ఎవరెస్టు మీద ఉన్న న్యూజిలాండ్ గైడ్ రాబ్ హాల్ అంతకుముందే నాలుగుసార్లు ఆ శిఖరం ఎక్కి దిగినవాడు. వెనుదిరగవలసిన సమయంగా అనుకున్న మధ్యాహ్నం 2 గంటలు దాటిన తర్వాత కూడా ఆయనతో సహా పలువురు శిఖరం దగ్గరే ఉండిపోయారు. సాయంత్రానికి తుపాను కమ్ముకుంది. ఆ రెండు రోజుల్లో హాల్‌తో కలిపి ఎనిమిదిమంది మరణించారు.

అంత తెలిసినవాళ్లు ఎందుకు ఆగలేదని అడగడం తేలిక. కానీ అంత ఎత్తున గాలిలో అందే ప్రాణవాయువు సముద్రమట్టంతో పోలిస్తే మూడో వంతే. కాళ్లకంటే ముందు అలసిపోయేది బుద్ధి. నెలల శ్రమ, పెట్టిన ఖర్చు, కళ్లెదుట కనిపిస్తున్న శిఖరం, ఇవన్నీ ఒకవైపు లాగుతుంటే, అలసిన బుద్ధి రెండోవైపు తూగదు. అందువల్ల ఏ గంటకు వెనక్కి తిరగాలో కింద, గుడారంలో, మనసు నిలకడగా ఉన్నప్పుడే తేల్చుకొని, తోటివారందరికీ చెప్పి బయలుదేరాలి. పైకి వెళ్లాక ఆ గంటను మార్చే హక్కు ఎవరికీ ఉండకూడదు. ఈసారి మీ అబ్బాయి బయలుదేరేటప్పుడు "జాగ్రత్త" అనడంతో సరిపెట్టకండి. "ఎన్ని గంటలకు వెనుదిరుగుతావు? ఆ మాట ఎవరెవరికి చెప్పావు?" అని అడగండి. జవాబు తడబడితే, అతని అనుభవం ఎంతదైనా మీ ఆందోళన న్యాయమైనదే.

ప్రశ్న: అందరూ ఒకే తాడుకు కట్టుకొని నడుస్తారు కదా, ఒకరు జారితే మిగతావాళ్లు ఆపలేరా?

జవాబు: హిమనది మీద, మంచు కప్పిన పగుళ్ల మధ్య నడిచేటప్పుడు ఆపగలరు, తాడు అక్కడ నిజంగా ప్రాణరక్షణే. నిటారు వాలులో మాత్రం, ఆ తాడును బండకో మంచుకో గట్టిగా బిగించకుండా మనుషులను మాత్రమే కలిపితే, ఒకరి జారుడు అందరి జారుడవుతుంది. 1865 జులై 14న ఆల్ప్స్‌లోని మాటర్‌హార్న్‌ను మొదటిసారి ఎక్కిన ఏడుగురు దిగుతుండగా, వారిలో అందరికంటే అనుభవం తక్కువైన యువకుడు జారి ముందున్న గైడ్‌ను ఢీకొన్నాడు. వారి వెనుక మరో ఇద్దరిని తాడు లాగేసింది. మధ్యలో అది తెగడంవల్లనే మిగిలిన ముగ్గురు బతికారు. వాళ్లు జారింది దిగుతున్నప్పుడని గమనించండి. దిగేటప్పుడు మోకాళ్లు వణుకుతాయి, ఎండకు మంచు మెత్తబడి, బూట్లకు బిగించుకున్న క్రాంపాన్ల (ఇనుప ముళ్ల పట్టీల) కింద ముద్దలు కడుతుంది, పని అయిపోయిందని మనసు సడలుతుంది. బలంలో సగమైనా దిగడానికి దాచుకోనివాడు ఎక్కడం పూర్తిగా నేర్చుకోలేదనే నేను అనుకుంటాను.

ప్రశ్న: మంచుచరియలు విరిగిపడటం దైవికం కాదా? ముందుగా తెలుసుకొనే వీలుందా?

జవాబు: దైవికమని సరిపెట్టుకోవడం నాకు బాధ కలిగిస్తుంది. మనుషులను బలిగొన్న మంచుచరియల్లో అత్యధిక భాగం, ఆ మనుషులో వారి తోటివారో అడుగు పెట్టినందువల్ల కదిలినవే. అవి ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలులో పుడతాయి. ఆ వాలులో పార పెట్టి మోకాలి లోతు తవ్వి చూడండి: మంచు పొరలు పొరలుగా కనిపిస్తుంది. పైపొర పలకలా గట్టిగా ఉండి, దాని కింది పొర చేతిలోకి తీసుకుంటే పంచదారలా వేళ్ల సందుల్లోంచి జారిపోతుంటే, ఆ పలక దేనినీ పట్టుకొని లేదని అర్థం. నడుస్తుంటే కాళ్ల కింద "వుమ్మ్" మని మంచు కుంగిన చప్పుడు వినిపించినా, కొత్తగా బాగా మంచు కురిసి గాలి వీచినా, ఆ వాలు దగ్గరికి పోకూడదు.

కూరుకుపోయినవారిలో మొదటి పది, పదిహేను నిమిషాల్లో తవ్వి తీసినవారు చాలామంది బతుకుతారు. అరగంట దాటితే ఎక్కువమంది బతకరు. బయటినుంచి రక్షకులు అంత త్వరగా రాలేరు. ప్రతి ఒక్కరి ఒంటిమీద సంకేతాలు పంపే, అందుకొనే ట్రాన్స్‌సీవర్, సంచిలో పార, మంచులోకి గుచ్చి మనిషిని వెతికే పొడవాటి కడ్డీ (ప్రోబ్) ఉండాలనడం అందుకే. మిమ్మల్ని కాపాడేది మీ పక్కనున్నవాడే. 2022 అక్టోబరులో ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా దండా-2 శిఖరం మీద శిక్షణలో ఉన్న బృందాన్ని మంచుచరియ ముంచెత్తినప్పుడు పాతికమందికి పైగా పోయారు. వాళ్లలో చాలామంది నేర్చుకోవడానికి వచ్చిన యువతీయువకులు.

ప్రశ్న: మేము శిఖరాలు ఎక్కం, ఎత్తయిన కనుమల్లో ట్రెక్కింగ్ మాత్రమే చేస్తాం. మాకూ ఇవన్నీ అవసరమా?

జవాబు: అవసరమే. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుపాను గుర్తుందా? దాని తేమ ఉత్తరానికి సాగి, రెండు రోజులకే నేపాల్‌లోని 5,416 మీటర్ల థొరాంగ్ లా కనుమ ప్రాంతంలో పెనుమంచుగా కురిసింది. నలభైమందికి పైగా చనిపోయారు. వారిలో చాలామంది నడకకు వచ్చినవాళ్లు, వారి వెంట వచ్చిన గైడ్లు, కూలీలు. వందల మైళ్ల దూరంలో పుట్టిన తుపాను కనుమ దాకా వస్తుందని కాస్త ముందుగా ఆలోచిస్తే, ఒక రోజు ఆగడం పెద్ద నష్టం కాదు.

ఇక ఎత్తువల్ల వచ్చే జబ్బు. 4,300 మీటర్ల దగ్గర మా గుడారాల్లో, ఆ రోజంతా అందరికంటే ముందు నడిచిన ఒక కుర్రవాడు సాయంత్రం బూట్ల తాడు కట్టుకోలేక వేళ్లతో తడుముకోవడం చూశాను. తలనొప్పి అన్నాడు, నిద్రపోతే తగ్గుతుందన్నాడు. మడమను రెండో కాలి బొటనవేలికి ఆనిస్తూ గీత మీద నడవమన్నాను. మూడో అడుగుకే పక్కకు ఒరిగాడు. మెదడులో నీరు చేరుతోందనడానికి అది గుర్తు. తెల్లవారేదాకా ఆగకుండా చీకట్లోనే ఇద్దరం రెండు పక్కలా పట్టుకొని కిందికి దించాం. ఎనిమిది వందల మీటర్లు దిగేసరికి అతనే దారి చూసుకొని నడిచాడు. కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు కనిపిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అనుమానించి అలాగే దించాలి. మందులు సాయపడతాయి గాని దిగడానికి బదులు కావు. 3,000 మీటర్లు దాటాక ఒక రాత్రి పడుకున్న చోటికంటే మరుసటి రాత్రి 500 మీటర్లకు మించి పైన పడుకోకుండా, మూడు నాలుగు రోజులకొకసారి ఆగితే ఈ దశ చాలావరకు రాదు. వయసు, కండబలం దీని ముందు పనికిరావు.

ప్రశ్న: దారి తప్పి, ఫోన్ కూడా పనిచేయకపోతే సాయం అడిగేదెలా?

జవాబు: ఈలతోగాని టార్చితోగాని నిమిషంలో ఆరుసార్లు సంకేతం ఇచ్చి, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఆరుసార్లు ఇవ్వాలి. ఎవరైనా చూస్తే నిమిషానికి మూడుసార్లు బదులిస్తారు. హెలికాప్టర్ కనబడితే రెండు చేతులూ పైకి చాచి నిలబడాలి. అది సాయం కావాలన్న గుర్తు. ఒక చేయి పైకి, ఒకటి కిందికి ఉంటే అక్కర్లేదని అర్థం, అందుకే సంతోషంతో ఒక్క చేయి ఊపకండి. మూడుసార్లు బదులు వినిపించాక కూడా సంకేతం ఆపకూడదు, ఉన్న చోటినుంచి కదలకూడదు. వచ్చేవాళ్లు ఆ చప్పుడునే పట్టుకొని వస్తారు.