పెరటి గది కట్టేముందు గాలి ఎటు నుంచి వచ్చిద్దో చూసుకోండి

కావలి నుంచి అడిగిన అన్నకి. వెనక పెరట్లోకి 12 బై 14 గది కలపాలి, మూడు పక్కలా అద్దాలు, పైకప్పు కూడా అద్దమే, ఇట్టాంటి ఫొటోలు చూశాం, మనకి సరిపోద్దా అన్నారు కదా. పైన అద్దం మాత్రం పెట్టమాకండి అన్నా. ఆ ఫొటోలన్నీ ఎండ కోసం మొహం వాచిపోయిన చలి దేశాలవి, మనకేమో వద్దు మొర్రో అన్నా నెత్తినెక్కి కూర్చుంటది.

మేం ఒంగోల్లో 2022లో ఇట్టాంటిదే కట్టాం. వెలుతురు బాగుంటదని పైన పాలికార్బనేట్ షీటు, అదే వెలుతురు దూరే గట్టి ప్లాస్టిక్ రేకు, వేయించాం. మే నెలలో మా అమ్మ ఆ గదిలో వడియాలు పెడితే సాయంత్రానికల్లా కరకరలాడినయ్, ఆ ఎండాకాలం ఆ గది ఇంక దేనికీ అక్కరకి రాలేదు. తర్వాత షీటు పీకేసి పెంకు వేయించి కింద సీలింగ్ కొట్టించాం, ఇప్పుడు మధ్యాహ్నం కూడా కూర్చోగలుగుతున్నాం. మీ వీధిలో కోతులుంటే పెంకులు మిగలవు, అప్పుడు శ్లాబే వేసుకోండి.

అసలు ప్లాన్ గీయించే ముందు ఓ వారం రోజులు ఆ జాగాలో కుర్చీ వేసుకుని కూర్చోండి. ఎండాకాలం పగలు పడమటి గాలి, నిప్పులు కక్కిద్ది, పొద్దు వాలేటప్పటికి సముద్రం మీద నుంచి తూర్పు గాలి తిరుగుద్ది, మన కోస్తా వాళ్లకి ఉన్న సుఖమల్లా అదొక్కటే. అందుకని పడమర గోడ మూసేసి పైన ఓ వెంటిలేటర్ వదలండి వేడి బయటికి పోయేట్టు, పెద్ద కిటికీలన్నీ తూర్పుకి, ఆగ్నేయానికి పెట్టుకోండి. కాకపోతే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు కూడా ఆ తూర్పు, ఈశాన్యం నుంచే కదా కొట్టేది. మా సజ్జ అడుగున్నరే, 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫానుకి జల్లు సోఫా దాకా వచ్చేసింది, ఆ తర్వాత 3 అడుగులకి పెంచాం. ముందే పెంచుకుంటే ఖర్చు తక్కువ.

ఇంకోటి, ఇది అందరూ మర్చిపోయేది, పాత ఇంటికీ కొత్త గదికీ అతుకు. మాది నల్లరేగడి, వానకి ఉబ్బిద్ది, ఎండకి కుంచించుకుని నెర్రెలిచ్చిద్ది. పాతికేళ్ల పాత పునాది ఎప్పుడో కుదురుకుంది, కొత్తది ఇంకా దిగుతా ఉంటది, మా మేస్త్రీ రెండిటినీ కలిపి కట్టేశాడు, మొదటి వానలకే తలుపు పక్కన కింద నుంచి పై దాకా రూపాయి బిళ్ల నిలువునా దూరేంత పగులు. "ప్లాస్టరింగ్ పగులే సార్, పెయింటేస్తే పోద్ది" అన్నాడు, రెండుసార్లు వేశాం, పోలా. చివరికి ఓ ఇంజినీరు వచ్చి ఆ అతుకుని నిలువునా కోయించి, సాగే సీలెంట్ నింపి, పైన అల్యూమినియం పట్టీ ఒక్క గోడకే బిగించాడు, రెండో వైపు కదలనీయాలంట. మీరు మొదట్లోనే జాయింట్ వదిలి కట్టించండి. మీది కూడా రేగడి అయితే ఫ్లోరింగ్ కింద ఆ మట్టి తీయించి గ్రావెల్ కొట్టించుకోండి, పునాది లోతు మాత్రం మేస్త్రీ మాట మీద తేల్చమాకండి.

ఫ్లోరింగ్‌కి మేం చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు మిగులు ముక్కలు తెచ్చాం, చుక్కలు మెరుస్తా చూట్టానికి భలే ఉంటది గానీ పాలిష్ కదా, తడికాళ్లతో నాన్న జారారు, ఎండ పడే చోట అరికాళ్లు చుర్రుమంటయ్. గుమ్మం దగ్గర అది తీసి గరుకు కడప బండలు వేశాం.

మీకు సముద్రం దగ్గర కాబట్టి ఇనుప గ్రిల్ వద్దు, యూపీవీసీ, అంటే గట్టి ప్లాస్టిక్ కిటికీలు మేలు. మున్సిపాలిటీ అనుమతి కూడా ముందే చూసుకోండి, ఇంటి చుట్టూ వదలాల్సిన జాగాలోకి గది పోతే తర్వాత తలనొప్పి.

మీ పెరడు ఇంటికి ఏ దిక్కున ఉందో చెప్పలేదు. పడమర అయితే నేను చెప్పిన కిటికీల లెక్క మొత్తం మారిపోద్ది, అది చెప్పండి.