సీక్వెల్‌కి సంతకం విడిగా

ప్రశ్న: మా నాన్నగారు జాలరిపేట నేపథ్యంగా రాసిన నవలను వెబ్ సిరీస్‌గా తీస్తామని ఒక నిర్మాత వచ్చారు. మొదటి సీజన్ నవల ప్రకారమే తీస్తారట, రెండో సీజన్ కథ వాళ్ళే అల్లుకుంటారట. నాన్నగారు 2009లో పోయారు. ఆయన మర్యాద నిలవాలంటే దేనికి ఒప్పుకోవాలి?
– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: మొదటిదానికి ఒప్పుకోండమ్మా. రెండోదానికి ఇప్పుడే వద్దు. నవలను నవలగా తీస్తే, ఎక్కడ చెడగొట్టారో పుస్తకం పక్కన పెట్టుకుని చూపించవచ్చు. సీక్వెల్‌కి ఆ కొలత ఉండదు. నాన్నగారు రాయని మాట ఆయన పాత్ర నోట వస్తుంది, చూసినవాళ్ళు ఆయనదే అనుకుంటారు.

‘కన్యాశుల్కం’ ముగింపే చూడండి. బుచ్చమ్మ పూనా విడోస్ హోమ్‌కి, గిరీశం చదువుకి అని సౌజన్యారావు పంతులు తేల్చేస్తాడు. కథ అడ్డం తిరిగిందని గిరీశం విసుక్కోవడంతో తెర పడుతుంది. ఆ తర్వాత అతను గట్టెక్కాడా, బుచ్చమ్మ మనసేమైంది అన్నది గురజాడ చెప్పలేదు. సీక్వెల్ రాసేవాడు ముందుగా చెయ్యి పెట్టేది సరిగ్గా అక్కడే. ఇద్దరికీ పెళ్ళి చేసేశాడా, నాటకమంతా ఎండగట్టిన మనిషికి చివర్లో దండ వేసినట్టే! గురజాడ 1915లో పోయారు గనక అందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. మీ నవలకు అక్కర. రచయిత పోయాక 60 ఏళ్ళు, అంటే 2069 చివరిదాకా కాపీరైట్ ఉంటుంది. నాన్నగారు సినిమా హక్కులు పబ్లిషర్‌కి రాసిచ్చారేమో ముందు పాత అగ్రిమెంట్ తీసి చూడండి.

‘ఉన్నదున్నట్టు తీస్తాం’ అన్న మాటనీ గుడ్డిగా నమ్మకండి. స్క్రిప్టులో పేజీకి సుమారు ఒక నిమిషం లెక్క, కాబట్టి కోతలు తప్పవు. ముందు పోయేవి పాత్రల లోపలి ఆలోచనలు. తర్వాత యాస. జాలరిపేట మాటను కామెడీ పాత్రకు అంటగట్టి, నాయిక చేత పుస్తకభాష పలికించడం మామూలుగా చేసే తప్పు. అందుకే రెండు పేజీల కథాసారం చూసి సరే అనకండి. డైలాగులతో ఉన్న పూర్తి స్క్రిప్టు అడగండి, చదివి రాతపూర్వకంగా అభిప్రాయం చెప్పడానికి 15 రోజుల గడువు పెట్టించండి.

అగ్రిమెంట్‌లో ‘సమస్త హక్కులూ’ అన్న మాట కొట్టేయించండి. వెబ్ సిరీస్, సీక్వెల్, ప్రీక్వెల్, రీమేక్, డబ్బింగ్ వేటికవి విడిగా ఉండాలి. కాపీరైట్ చట్టం సెక్షన్ 19 ప్రకారం హక్కుల బదిలీ రాతలో, సంతకంతో జరగాలి. గడువు రాయకపోతే 5 ఏళ్ళనే లెక్క. వేరే షరతు లేకపోతే, ఏడాదిలోగా వాడుకోని హక్కు తిరిగి మీకే వస్తుంది. ఆ ‘వేరే షరతు’ ఎక్కడో చిన్న అక్షరాల్లో దూరుస్తారు, వెతకండి.

హక్కులు ఇచ్చేశాక కూడా సెక్షన్ 57 మీ చేతిలో ఉంటుంది. రచయిత ప్రతిష్ఠ దెబ్బతినేలా రచనను వక్రీకరిస్తే వారసులు కోర్టుకెళ్ళవచ్చు. మన్నూ భండారీ తన హిందీ నవల ‘ఆప్‌కా బంటీ’ సినిమా విషయంలో 1986లో ఢిల్లీ హైకోర్టులో నిలబడింది ఈ సెక్షన్ మీదే.

రెండో సీజన్ సంగతి మొదటిది చూశాక మాట్లాడండి. అప్పుడు ఒప్పుకున్నా టైటిల్స్‌లో ‘నవల ఆధారంగా’ అని వేయనివ్వకండి. ‘పాత్రలు: నాన్నగారి పేరు, కథ: రాసినవారి పేరు’ అని రెండు వరుసలుగా పడాలి. డబ్బు షూటింగ్‌కి ముందే, విడిగా తీసుకోండి.